అడుగున్న బుట్ట

1895-96 చలికాలంలో అమెరికా కాలేజీ కుర్రాళ్లు ఆడిన బాస్కెట్‌బాల్‌లో బుట్టకు ఇంకా అడుగు ఉంది. బంతి పడితే అందులోనే ఉండిపోయేది. దాన్ని ఎవరైనా బయటికి తీసేదాకా ఆట ఆగేది. ఇవాళ ఫోన్‌లో ఎన్‌బీఏ మ్యాచ్‌లు చూసేవాళ్లకు ఇది వింతగా తోచవచ్చు. కానీ ఈ ఆటలోని పనితనం చూడాలనుకుంటే నాకు ఆ సీజన్‌ను మించింది కనిపించదు. అప్పటికి ఆట పుట్టి నాలుగేళ్లు. కొన్ని భాగాలు గట్టిగా బిగిశాయి, కొన్ని వదులుగానే ఉన్నాయి, కొన్నింటిని ఆ ఏడాదే విప్పి మళ్లీ బిగించారు. ఏ భాగం ఏ ఇబ్బంది తీర్చడానికి వచ్చిందో వేలు పెట్టి చూపించవచ్చు.

సీజన్ అన్నాను గానీ, ఇప్పటి అర్థంలో అప్పుడు సీజన్ లేదు. లీగు లేదు, మ్యాచ్‌ల పట్టిక లేదు, ఛాంపియన్ లేడు. కాలేజీ జట్లు చాలావరకు ఊళ్లోని వైఎంసీఏ జట్లతోనే ఆడేవి. 1893 ఫిబ్రవరిలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం వాళ్లు నాష్‌విల్ వైఎంసీఏతో ఆడి 9-6తో గెలిచారు. రెండు విద్యాసంస్థలు ఒకదానితో ఒకటి తలపడిన తొలి మ్యాచ్‌గా చెప్పుకునేది 1895 ఫిబ్రవరి 9 నాటిది. మిన్నెసోటాలోని హామ్లిన్ విశ్వవిద్యాలయం మీద అక్కడి వ్యవసాయ పాఠశాల 9-3తో గెలిచింది. జట్టుకు తొమ్మిది మంది.

తొమ్మిది ఎందుకంటే, మొదటిరోజు తరగతిలో ఉన్నది పద్దెనిమిది మంది కాబట్టి. మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వైఎంసీఏ శిక్షణ పాఠశాల ఉండేది. అక్కడి చలికాలం మన చలికాలం లాంటిది కాదు. గోదావరి ఒడ్డున మన సారపాకలో, భద్రాచలంలో డిసెంబరు వచ్చిందంటే బయట ఆటలకు అదే మంచి కాలం. అక్కడ మంచు పడి మైదానాలు మూతపడతాయి. శరత్తులో అమెరికన్ ఫుట్‌బాల్, వసంతంలో బేస్‌బాల్, మధ్యలో నాలుగు గోడల మధ్య డంబెల్స్, కసరత్తులు. కుర్రాళ్లకు విసుగెత్తింది. వ్యాయామ విభాగం పెద్ద లూథర్ గులిక్ ఈ తరగతిని జేమ్స్ నైస్మిత్ చేతిలో పెట్టి, రెండు వారాల్లో వీళ్లకు ఏదైనా ఆట చూడమన్నాడు. నైస్మిత్ 1861లో కెనడాలోని ఆల్మాంట్ దగ్గర పుట్టినవాడు. మొదట ఫుట్‌బాల్, సాకర్, లాక్రోస్ ఆటలనే గది లోపలికి తెచ్చి చూశాడు. ఏదీ కుదరలేదు. బయట గడ్డి మీద పడితే లేచి దులుపుకోవచ్చు, చెక్కనేల మీద పడితే ఎముక విరుగుతుంది.

అప్పుడతను ఆటలను విడదీసి చూశాడు. నాకు అన్నిటికన్నా నచ్చే ఘట్టం ఇదే. ఏ ఆటలోనైనా బంతి ఉంటుంది. చిన్న బంతికి బ్యాటో కర్రో కావాలి, అవి గదిలో ప్రమాదం. కాబట్టి రెండు చేతులతో పట్టుకునే పెద్ద బంతి. ఇక కుమ్ములాట ఎక్కడ పుడుతోంది? బంతి పట్టుకుని ఒకడు పరుగెత్తుతాడు, వాణ్ని ఆపడానికి ఇంకొకడు మీద పడతాడు. మీద పడవద్దని నిషేధిస్తే కోపాలు మిగులుతాయి. పరుగే తీసేస్తే? బంతి పట్టుకున్నవాడు కదలకూడదు, పట్టుకున్నచోటు నుంచే విసరాలి. అలాంటివాడి మీద పడాల్సిన పనే ఎవరికీ ఉండదు. కారణాన్ని తీసేస్తే ఫలితం దానంతటదే పోతుంది. అతను రాసిన పదమూడు నియమాల్లో మూడోది ఇదే. నిండు వేగంతో పరుగెడుతూ బంతి అందుకున్నవాడికి ఆగడానికి కాస్త వెసులుబాటు ఇచ్చే మాట కూడా అందులోనే ఉంది. మనిషి ఒంటి వేగం చటుక్కున ఆగదని తెలిసినవాడు రాసిన నియమమది.

మిగిలింది గోలు. గోలు నిలువుగా ఉంటే, ఎంత బలంగా కొడితే అంత లాభం. బలంగా విసిరిన బంతి మొహాలు పగలగొడుతుంది. ఇక్కడ అతనికి చిన్ననాటి ఆట ఒకటి గుర్తొచ్చింది. పెద్ద బండ మీద ఒక రాయి పెట్టి, దూరం నుంచి ఇంకో రాయితో దాన్ని పడగొట్టే ఆట. గట్టిగా విసిరితే రాయి దూరం పోయి, తెచ్చుకునేలోపు దొరికిపోతారు. పైకి లేపి, వంపుగా, మెల్లగా వేసినవాడే గెలుస్తాడు. ఆ వంపు తప్పనిసరి కావాలంటే గోలు నోరు ఆకాశం వైపు తిరగాలి. సరే, నేలమీద నోరు పైకి పెడితే తొమ్మిది మంది చుట్టూ నిలబడి మూసేస్తారు. అందుకని తలలకు అందని ఎత్తుకు లేపాలి. ఎంత ఎత్తు? వ్యాయామశాల చుట్టూ చూసేవాళ్లు నిలబడే బాల్కనీ ఉంది, దాని కటకటాలు నేలకు పదడుగుల ఎత్తున ఉన్నాయి. పదడుగులు అలా కుదిరింది. 1895-96లో అదే, ఇవాళ మన ఊరి బడి ఆవరణలో ఇనుప స్తంభం పాతినా అదే.

ఈ పడుకోబెట్టిన గోలు చేసే పని ఏమిటో కొలతలతో చూస్తే ఇంకా బాగుంటుంది. ఇనుప రింగు వచ్చాక దాని అడ్డకొలత 18 అంగుళాలు. నిట్టనిలువుగా పైనుంచి దిగే బంతికి ఆ పద్దెనిమిది అంగుళాలూ తెరిచే ఉంటాయి. ఏటవాలుగా వచ్చే బంతికి మాత్రం గుండ్రటి నోరు కోలగా సన్నబడుతుంది. 45 డిగ్రీల వాలులో వచ్చే బంతికి కనిపించే తెరుపు పదమూడు అంగుళాల లోపు. 30 డిగ్రీల వాలైతే సరిగ్గా తొమ్మిది. ఆనాటి బంతి చుట్టుకొలత 30 నుంచి 32 అంగుళాలు, అంటే అడ్డకొలత తొమ్మిదిన్నర నుంచి పది పైచిలుకు. 30 డిగ్రీల వాలులో దూసుకొచ్చిన బంతి రింగుకు తగలకుండా లోపలికి దిగడానికి చోటే లేదు. బలవంతుడు ఎంత బలంగా విసిరితే బంతి అంత చదునుగా వెళ్తుంది, బుట్ట నోరు అంత మూసుకుపోతుంది. వంపు పెంచినకొద్దీ నోరు తెరుచుకుంటుంది. మెత్తగా వేయమని ఏ నియమమూ చెప్పలేదు. రింగును పడుకోబెట్టిన తీరే ఆ పని చేయించింది.

ఇక బుట్ట సంగతి. నైస్మిత్ అడిగింది 18 అంగుళాల పెట్టెలు. పాఠశాలలో పనిచేసే స్టెబిన్స్ దగ్గర పెట్టెలు లేవు. పీచ్ పళ్లు తెచ్చిన బుట్టలు రెండున్నాయి, పైన వెడల్పుగా కింద కాస్త ఇరుకుగా. వాటినే బాల్కనీ కటకటాలకు చెరొక కొసన మేకులతో కొట్టారు. సాకర్ బంతి తీసుకున్నారు. 1891 డిసెంబరులో జరిగిన ఆ మొదటి ఆటలో పడింది ఒక్కటే గోలు, వేసినవాడు విలియం చేజ్.

బుట్ట కట్టుబడి ఎలాంటిదో మన దగ్గరే చూడవచ్చు. సారపాక అనగానే బయటివాళ్లకు కాగితపు మిల్లు గుర్తొస్తుంది. ఆ మిల్లు తొలి రోజుల్లో నమిలింది అడవి వెదురునే. అదే వెదురును చీల్చి మేదరివాళ్లు అల్లిన గంపను ఒకసారి బోర్లించి చూడండి. అల్లిక మొదలయ్యేది అడుగునే. అడ్డంగా, నిలువుగా పరిచిన బద్దలు ఒకదాన్నొకటి పట్టుకుని, అంచుల దగ్గర పైకి వంగి గోడలవుతాయి. పైన మందమైన బద్దను చుట్టి కట్టిన అంచు నోటిని సాగనివ్వదు. బుట్ట అంటే బరువు మోసే అడుగు, ఆకారం నిలబెట్టే అంచు. పీచ్ బుట్టను అల్లింది వేరేవాళ్లు, వాడింది పలుచని చెక్క బద్దలు. అయినా పనివిభజన ఇదే. ఈ ఆటకు కావలసింది మాత్రం ఒక్క అంచే. అడుగు అదనంగా వచ్చింది, వచ్చి ఇరవై ఏళ్లు ఆట నడకను తన చేతిలో పెట్టుకుంది.

ఎలాగంటే, ఎనిమిదో నియమం ప్రకారం బంతి బుట్టలో పడి అక్కడ నిలిస్తేనే గోలు. నిలిచిన బంతిని దించాలి. మొదట నిచ్చెన వేసి ఎక్కారు. తర్వాత అడుగున చిన్న రంధ్రం చేసి, కింది నుంచి కర్రతో పొడిచి బంతిని ఎగదోశారు. 1892లో హార్ట్‌ఫర్డ్‌కు చెందిన లూ ఆలెన్ దళసరి తీగతో స్తంభాకారపు బుట్టలు అల్లాడు. అవి విరగలేదు. 1893లో ప్రావిడెన్స్ నగరంలోని నారగన్‌సెట్ మెషీన్ కంపెనీ చేసినది వీటన్నిటికన్నా తెలివైనది. ఇనుప రింగు, దానికి వేలాడే పేనిన తాళ్ల వల, వలకు మూసిన అడుగు, ఆ అడుగుకు తగిలించిన గొలుసు. గోలు పడ్డాక కింద నిలబడినవాడు గొలుసు లాగితే వల అడుగు పైకి లేస్తుంది, బంతి రింగు అంచు దాటి బయటికి దొర్లుతుంది. మెత్తటి వల కాబట్టి బంతి పడినప్పుడు ఎగిరి బయటికి రాదు. ఆ వలే లాగితే వంగి దారి ఇస్తుంది. పట్టడం, వదలడం రెండూ ఒకే వస్తువు చేసింది. 1895-96 నాటికి మంచి వ్యాయామశాలలకు చేరిన బుట్ట ఇదే.

గోలు పడ్డ ప్రతిసారీ ఆట ఎలాగూ ఆగుతోంది. మళ్లీ ఎలా మొదలుపెట్టాలి? నైస్మిత్ రగ్బీలో వరసల మధ్యకు బంతి విసిరే పద్ధతిని తలచుకుని, అందులోని తొక్కిసలాటను పక్కన పెట్టాడు. ఇటు ఒకడు, అటు ఒకడు ఎదురెదురుగా నిలబడతారు, రిఫరీ వాళ్ల మధ్య బంతిని పైకి ఎగరేస్తాడు. ప్రతి గోలు తర్వాతా ఇదే. పొడుగువాడికి విలువ అక్కడ పుట్టింది. గోలు వేసిన జట్టే మళ్లీ బంతి అందుకునే అవకాశమూ అక్కడే ఉంది. ఇప్పటి ఆటలో గోలు పడగానే బంతి అవతలివాళ్లదవుతుంది కదా, అప్పుడు అలా కాదు.

బంతి గురించి కాస్త నిలబడి చెప్పాలి. మొదట్లో సాకర్ బంతితోనే గడిపారు. 1894 ప్రాంతంలో, సైకిళ్లు చేసే ఓవర్‌మన్ వీల్ కంపెనీ చికోపీ ఫాల్స్‌లో ఈ ఆటకని వేరుగా బంతి తయారుచేసింది. సాకర్ బంతికన్నా కాస్త పెద్దది, బరువు ఇరవై ఔన్సుల లోపు. తయారీ మన దగ్గర వెనకటి తరం వాడిన లేసు ఫుట్‌బాల్ లాంటిదే. తోలు ముక్కలను కొలతకు కత్తిరిస్తారు. లోపలి మొహం బయటికి ఉండేలా అంచులు కలిపి మైనం పట్టించిన దారంతో కుడతారు. ఒకచోట మాత్రం కుట్టకుండా చీలిక వదిలి, అందులోంచి మొత్తాన్ని తిరగేస్తారు. దాంతో కుట్ల అంచులు లోపలికి పోతాయి, పైన నున్నగా ఉంటుంది. ఆ చీలిక గుండా రబ్బరు బ్లాడర్‌ను లోపలికి జొనిపి, దాని గొట్టం మాత్రం బయటికి ఉంచి గాలి కొడతారు. నిండాక గొట్టాన్ని మడిచి, తాడుతో బిగించి కట్టి, తోలు కిందకు దోపుతారు. చీలికను తోలు లేసుతో అల్లి బిగిస్తారు.

ఇంత చేసినా బంతి అచ్చంగా గుండ్రంగా రాదు. లేసు ఉన్నచోట గట్టిగా, ఉబ్బుగా ఉంటుంది. లేసు నేలకు తగిలితే బంతి ఏ పక్కకు పోతుందో చెప్పలేం. తోలు సాగినకొద్దీ ఆకారం మారుతుంది. గాలిలో విసిరి పట్టుకోవడానికి ఇవేవీ పెద్ద అడ్డం కాదు. నేలకు కొడుతూ నడిపించడానికే అడ్డం. ఆట అంతా పాస్‌ల మీద నడవడానికి మూడో నియమం ఎంత కారణమో ఈ లేసు అంత కారణమని నా నమ్మకం. ఆటగాళ్లు లేసును చూసుకుని, వేళ్లను దాని పక్కన కుదుర్చుకుని, ఛాతీ ముందు నుంచి రెండు చేతులతో వేసేవారు. పదడుగుల రింగు మీదికి వంపుగా బంతిని ఎత్తడానికి ఆ రెండు చేతులు, మోకాళ్ల వంపు కలిసి పనిచేయాలి.

బోర్డు కథ ఇంకా ఆశ్చర్యం. బుట్టలు బాల్కనీకే ఉండడంతో పైన నిలబడ్డవాళ్లు కిందికి చేతులు చాపేవారు. తమ జట్టు బంతిని లోపలికి నెట్టేవారు, ఎదుటివాళ్లది బయటికి తోసేవారు. దానికి అడ్డంగా 1895, 96 ప్రాంతంలో బుట్ట వెనక తీగ జాలీ పెట్టారు, అడ్డం ఆరడుగులు, నిలువు నాలుగడుగులు. పెట్టింది ప్రేక్షకుల చేతుల కోసం. పెట్టగానే ఆటగాళ్లు దానికి ఇంకో వాడకం పట్టేశారు. బుట్ట పక్కనుంచి నేరుగా వేసే బంతికి నోరు సన్నగా కనిపిస్తుంది. అదే బంతి జాలీకి తగిలితే వేగం చస్తుంది, తగిలిన కోణానికి సరిజోడు కోణంలో తిరిగి, కిందికి జారి బుట్టలో పడుతుంది. అడ్డుగోడ సాయం చేసే చెయ్యి అయింది. అయితే తీగ జాలీ సొట్టలు పడుతుంది. ఏ సొట్టకు బంతి ఎలా తిరుగుతుందో సొంత జట్టుకు తెలుసు, వచ్చినవాళ్లకు తెలియదు. అందుకే 1904 నాటికి చెక్క బోర్డులు వచ్చాయి.

లెక్కను కూడా ఆ సీజన్‌లోనే సరిచేశారు. మొదటి నియమాల్లో ఒక జట్టు వరసగా మూడు ఫౌళ్లు చేస్తే ఎదుటి జట్టుకు ఒక గోలు దక్కేది. తర్వాత ఫౌల్‌కు విడిగా బంతి వేసే అవకాశం ఇచ్చారు. దానికి గీత 20 అడుగుల దూరంలో ఉండేది. ఆటలో పడ్డ గోలుకూ మూడు పాయింట్లే, ఫౌల్ మీద పడ్డదానికీ మూడే. ఇందులో లోపం కనిపిస్తూనే ఉంది. పరుగులు పెట్టి, పాస్‌లు అల్లి, పదిమంది మధ్యలోంచి వేసిన గోలుకు, ఎవరూ అడ్డు లేకుండా తాపీగా వేసిన దానికి ఒకే ధర. 1895-96లో గోలును రెండుకు, ఫౌల్ గోలును ఒకటికి దించారు. ఆ రోజుల్లోనే గీతను 15 అడుగులకు జరిపారు. తప్పుకు శిక్ష ఉండాలి, కానీ శిక్ష ఆటను మింగకూడదు. ఆ నిష్పత్తి ఎంత సరిగా కుదిరిందంటే ఇవాళ్టికీ మూడు పాయింట్ల గీత లోపలి గోలుకు రెండు, ఫ్రీ త్రోకు ఒకటి. పదిహేనడుగుల గీత అంగుళం కదలలేదు.

ఇన్ని భాగాలూ ఒకచోట కలిసి తిరగడం చూడాలంటే 1896 జనవరి 18న అయోవా సిటీకి వెళ్లాలి. షికాగో విశ్వవిద్యాలయం జట్టును తెచ్చినవాడు ఏమోస్ అలోంజో స్టాగ్. అతను స్ప్రింగ్‌ఫీల్డ్‌లో నైస్మిత్‌తో కలిసి ఉన్నవాడు. 1892 మార్చిలో అధ్యాపకులు, విద్యార్థులు ఆడుకుంటే విద్యార్థులు 5-1తో గెలిచారు, అధ్యాపకులకు ఆ ఒక్క గోలు వేసింది స్టాగే. ఇటు అయోవాలో ఆటను నాటినవాడు హెన్రీ కాలెన్‌బర్గ్, రిఫరీ కూడా ఆయనే. ఆ రోజు చేసిన ముఖ్యమైన పని, జట్టుకు ఐదుగురినే దింపడం.

అప్పటిదాకా జనం సంఖ్య గది కొలతను బట్టి ఉండేది. తొమ్మిది మంది ఉన్నప్పుడు ఒక గోల్‌కీపర్, ఇద్దరు గార్డులు, మధ్యలో ముగ్గురు, రెక్కల్లో ఇద్దరు, ఎదుటి బుట్ట దగ్గర ఒకడు. అంటే నేలను ముక్కలు చేసి ఒక్కో ముక్కకు ఒక కాపలాదారుణ్ని పెట్టడం. పద్దెనిమిది మంది చెక్కనేల మీద నిలబడితే ఖాళీ ఏది? ఖాళీ లేనిచోట పాస్‌కు దారి లేదు, దారి లేకపోతే తోపులాటే. ఐదుగురైతే ఒకడు బంతి పట్టుకున్నప్పుడు మిగతా నలుగురు నాలుగు దిక్కులకు పోవచ్చు, వాళ్ల మధ్య చూపు ఆనే సందులు ఉంటాయి. కీపర్‌కు, రెక్కవాడికి తేడా పోతుంది, అందరూ కాయాలి, అందరూ వేయాలి. షికాగో 15-12తో గెలిచింది. అయోవా తరఫున ఆడినవాళ్లు విద్యార్థులే అయినా అది వైఎంసీఏ జట్టు కనుక, ఐదుగురి తొలి అచ్చమైన కాలేజీ మ్యాచ్‌గా 1897 మార్చి 20 నాటి యేల్, పెన్సిల్వేనియా పోటీని చెప్పేవాళ్లూ ఉన్నారు. యేల్ 32-10తో గెలిచింది. ఏదైతేనేం, ఆ ఏడాదికల్లా ఐదు నియమమైంది.

యేల్ పేరుకు ఇంకో కొత్తదనం కూడా అంటుకుంది. బంతి పట్టుకున్నవాడు చుట్టుముట్టబడితే, పాస్‌కు దారి లేక, కావాలనే బంతిని వదిలేసేవాడు. నేల మీద దొర్లించో, ఒకసారి నేలకు కొట్టో, పరుగెత్తి తనే అందుకునేవాడు. చేతిలో బంతి లేదు కనుక కదలకూడదన్న నియమం అతనికి వర్తించదు. నియమాన్ని తప్పకుండానే దాని సందులోంచి నడిచిన ఈ ఉపాయమే డ్రిబ్లింగ్. దాన్ని యేల్ జట్టు దాడికి వాడింది. లేసు బంతితో అది చేయడానికి ఎంత చెయ్యి తిరిగి ఉండాలో ఊహించుకోండి. దాన్ని ఏం చేయాలో నియమాలు రాసేవాళ్లకు చాన్నాళ్లు తేలలేదు. 1900-01లో డ్రిబ్లింగ్ చేసినవాడు గోలు వేయకూడదన్నారు, 1908-09లో వేయవచ్చన్నారు.

ఈ ఆట మన గోదావరి దాకా రావడానికి దారి కూడా స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచే పడింది. అక్కడ చదివిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ శిక్షణ కళాశాల స్థాపించాడు. అప్పుడు మన నదికి ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీది, కుడి ఒడ్డున ఉన్న సారపాక నిజాం రాజ్యానిది. కొలతలకు మాత్రం సరిహద్దు లేదు. ఎవరు నేర్పినా పదడుగులు, 18 అంగుళాలు, ఐదుగురు.

బుట్ట అడుగు 1913-14లో తెగింది. వల కింద తెరిచి ఉంచవచ్చని కాలేజీ నియమాలు ఒప్పుకున్నాయి. గొలుసు పోయింది, గోలు పడ్డ బంతి తనంతట తానే కిందికి వచ్చేసింది. అయినా గోలు పడ్డ ప్రతిసారీ మధ్యలోకి వెళ్లి బంతి ఎగరేసే ఆచారం 1937-38 దాకా నిలిచింది. దాన్ని తీసేయడం నైస్మిత్‌కు ఇష్టం లేదు. లేసు కూడా ముప్ఫైలలో మాయమై, బంతి 29½ నుంచి 30¼ అంగుళాలకు కుదించుకుంది, గుండ్రతనం వచ్చింది, డ్రిబ్లింగ్ నిలదొక్కుకుంది.

ఆటలో ఏది మూలస్తంభం, ఏది తర్వాత చేర్చిన పట్టీ అని ఎవరైనా అడిగితే నేను 1936 బెర్లిన్ ఒలింపిక్స్ ఫైనల్ చూపిస్తాను. పురుషుల బాస్కెట్‌బాల్ ఒలింపిక్స్‌లోకి వచ్చిన తొలి ఏడాది అది. నైస్మిత్ కూడా అక్కడ ఉన్నాడు. పోటీలు ఆరుబయట, మట్టి నేల మీద పెట్టారు. అమెరికా, కెనడా ఫైనల్ రోజున వాన కురిసి మైదానం బురదైంది. బంతి నేలకు కొడితే లేవలేదు, డ్రిబ్లింగ్ పూర్తిగా పడిపోయింది. ఇక చేయగలిగింది పట్టుకున్నచోట ఆగడం, చూసి పాస్ ఇవ్వడం, పదడుగుల రింగు మీదికి వంపుగా వేయడం. అంటే నలభై ఐదేళ్ల కిందటి ఆటే. సగం ఆటకు అమెరికా 15-4తో ముందుంది. రెండో సగంలో ఇటు నాలుగు, అటు నాలుగు. 19-8తో మ్యాచ్ పూర్తయింది.